ఒళ్ళో తెరిచి పాడుకునే పుస్తకం: 192 పేజీల పెళ్ళిపాటలకి లేఅవుట్, కాగితం, కుట్టు ఎలా తేల్చుకున్నాం

పుస్తకం వేయించుకుందామని వచ్చేవాళ్ళు ముందు కవర్ గురించి మాట్లాడతారు, తర్వాత రేటు అడుగుతారు, బైండింగ్ మాట మాత్రం ఫారాలన్నీ, అంటే మడిస్తే కొన్ని పేజీలయ్యే పెద్ద షీట్లన్నీ, ప్రింటయి వచ్చేశాక "ఏది చవకైతే అది చేయించేయండి" అంటూ ఆఖర్న వస్తుంది. నేను పనిచేసేది దీనికి పూర్తిగా రివర్సులో. పుస్తకాన్ని ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎలా తెరుస్తారో తెలిస్తే బైండింగ్ తేలుతుంది, బైండింగ్ తేలితే లోపలి మార్జిన్ తేలుతుంది, ఆ తర్వాతే అక్షరం సైజు, పేజీల లెక్క, కాగితం. కవర్ అన్నిటికంటే చివర. ఈమధ్య చేసిన ఒక పెళ్ళిపాటల పుస్తకంలో ఈ వరస ఎంత పనికొచ్చిందో వివరంగా రాస్తున్నా, సొంతంగా పుస్తకం వేసుకోవాలనుకునేవాళ్ళకి ఉపయోగపడుతుందని.

వేయించినావిడది అమలాపురం వైపు పల్లెటూరు, డెబ్భై దాటాయి. పిన్నిగారూ అని పిలుస్తాను. నలుగు పాటలు, మంగళహారతులు, తలంబ్రాల పాటలు, బంతులాట, అలకపాన్పు, వియ్యపురాళ్ళని ఆటపట్టించేవి, అప్పగింతలు, ఇవన్నీ వాళ్ళ అమ్మగారి దగ్గరా అత్తగారి దగ్గరా నేర్చుకుని నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నారు, మనవరాలు ఫోన్లో టైప్ చేసి పెట్టింది. ఖర్చంతా ఆవిడదే. 300 కాపీలు చాలు, బంధువులకీ ఊళ్ళో పాడేవాళ్ళకీ పంచాలి, అందులో 60 కాపీలు డాలస్‌లో ఉన్న కూతురు సూట్‌కేసులో పట్టుకెళ్ళాలి. ఇదీ ఆవిడ చెప్పింది. ఆవిడ మనసులో ఉన్నది మాత్రం హార్డ్‌బౌండు, లోపల మెరిసే ఆర్ట్ పేపరు, పేజీ చుట్టూ లతల బోర్డరు, అంటే పెళ్ళి ఆల్బమ్ లాంటి పుస్తకం.

నేను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. పిన్నిగారూ, పాట పాడేటప్పుడు పుస్తకం ఎక్కడుంటుంది? "ఒళ్ళో ఉంటుందమ్మాయ్, ఇంకెక్కడుంటుంది, చేతిలో హారతి పళ్ళెం ఉంటుంది కదా" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం డిజైన్ అయిపోయింది. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, పుస్తకం ఒళ్ళో తెరుచుకుని ఉండాలి, దానంతటది మూసుకుపోకూడదు, ఒక చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి పాట మధ్యలో పేజీ తిప్పే పని ఉండకూడదు, పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు తొంగి చూస్తూ గొంతు కలుపుతారు కాబట్టి అక్షరం పెద్దగా ఉండాలి, పైన ట్యూబులైట్లో ఫోకస్ లైట్లో ఉంటాయి కాబట్టి కాగితం మెరవకూడదు, వేళ్ళకి పసుపూ కుంకుమా నూనే ఉంటాయి. ఇక దీంట్లో ఆల్బమ్‌కి చోటెక్కడుంది?

బైండింగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టాం. సెంటర్ పిన్, అంటే మధ్య మడతలో పిన్నులు కొట్టేది, కుదరదు, అది అరవై డెబ్భై పేజీల పుస్తకాలకి బావుంటుంది, అంతకంటే లావైతే మధ్య పేజీలు బయటికి తోసుకొస్తాయి, పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది. సైడ్ పిన్ కొడితే గట్టిగానే ఉంటుంది, స్కూలు గైడ్లు అలాగే వస్తాయి, కానీ వెన్ను దగ్గర కొంత కాగితం పిన్నుల కింద ఇరుక్కుపోతుంది, రెండు చేతులతో నొక్కి పట్టుకుంటే తప్ప తెరుచుకోదు. పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెన్ను కోసేసి హాట్ మెల్ట్ గమ్ముతో కవర్ అంటించేది, ఇవాళ సొంతంగా వేసుకునే పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది అదే, నవలకీ కథలకీ నేనూ చేయిస్తాను, తప్పేం లేదు. కానీ మామూలు హాట్ మెల్ట్ గమ్ము ఆరాక బిగుసుకుపోతుంది, ఒళ్ళో పరవాలని వెన్ను విరిస్తే చీలిపోతుంది, ఆ చీలిక దగ్గర ఒక్కో పేజీ ఊడటం మొదలవుతుంది. పీయూఆర్ అని ఇంకో రకం గమ్ము ఉంది, దానికి సాగే గుణం ఎక్కువ, పుస్తకం బాగా పరుచుకుంటుంది, పేజీ కూడా తొందరగా ఊడదు, కాకపోతే దానికి వేరే మెషీన్ కావాలి, అది ఉన్నచోట మన 300 కాపీల పని ఒప్పుకోవాలి.

మిగిలినవి వైరో, అంటే తీగ రింగుల బైండింగు, ఇంకా కుట్టు. వైరో ఐతే పూర్తిగా వెనక్కి మడత పెట్టేయొచ్చు, ఒళ్ళో పెట్టుకునే పుస్తకానికి లెక్క ప్రకారం అదే బెస్టు. పిన్నిగారి కోడలు చూసి ఒక్క ముక్కలో తేల్చేసింది, "పట్టుచీర మీద పెట్టుకుంటే ఆ తీగకి జరీ పట్టుకుని లాగేస్తుందండీ". నాకు తట్టని పాయింటు అది, పెళ్ళిలో పట్టుచీర కట్టుకోకుండా పాడేదెవరు. పైగా వైరోకి వెన్ను ఉండదు, షెల్ఫులో పెడితే ఏం పుస్తకమో తెలీదు.

సో, కుట్టు బైండింగ్. పదహారేసి పేజీల ఫారాలు మడిచి, ఒక్కో మడత మధ్యలోంచి దారంతో కుట్టి, అన్నిటినీ కలిపి వెన్ను మీద గాజుగుడ్డ అంటించి, పైన మెత్తటి కవర్. హార్డ్‌బౌండు ఎందుకు వద్దన్నానంటే అట్టల బరువు. ఆ లెక్క పిన్నిగారి ముందే కాగితం మీద వేసి చూపించాను. డెమ్మీ 1/8, అంటే ట్రిమ్ (అంచుల కోత) అయ్యాక ఐదున్నర ఇంటూ ఎనిమిదిన్నర అంగుళాలు, ఒక ఆకు 0.03 చదరపు మీటర్లు. 192 పేజీలంటే 96 ఆకులు, 80 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 80 గ్రాముల) కాగితంలో దాదాపు 232 గ్రాములు. మెత్తటి కవర్, దారం, గమ్ము కలిపి 265 దగ్గర ఆగుతుంది, 60 కాపీలు 16 కిలోలు. అదే 2 మిల్లీమీటర్ల అట్టలూ, వాటికి లోపల అంటించే ఎండ్ పేపర్లూ వేసి హార్డ్‌బౌండు చేస్తే ఒక్కోటి 340 దాకా పోతుంది, 60 కాపీలు 20 కిలోలు దాటుతుంది. 23 కిలోల సూట్‌కేసులో ఇంక ఆవకాయకి చోటు లేదు. ఆ మాటకి ఆవిడ హార్డ్‌బౌండు ఆశ వదిలేసుకున్నారు. ఆర్ట్ పేపర్ గురించి విడిగా చెప్పక్కర్లేకపోయింది, వాళ్ళింట్లోనే ఉన్న ఒక రంగుల మ్యాగజైన్ తెరిచి ట్యూబులైటు కింద ఒళ్ళో పెట్టుకోమన్నాను, లైటు మెరుపులో సగం పేజీ కనపడలేదు.

ఇక లేఅవుట్. ఈ పుస్తకంలో అసలు పని ఇక్కడే ఉంది. నేను పెట్టుకున్న రూలు ఏంటంటే, ప్రతి పాటా ఎడమ పేజీలో మొదలవ్వాలి, ఎదురుగా ఉన్న కుడి పేజీలో అయిపోవాలి. పుస్తకం తెరిస్తే పాట మొత్తం కళ్ళ ముందుండాలి. చిన్న పాటలైతే ఎడమ పేజీలోనే అయిపోతాయి, కుడి పేజీ మిగిలిపోతుంది, దాన్ని తెల్లగా వదలకుండా ఆ పాట ఎప్పుడు పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాళ్ళ పుట్టింటివైపు ఏ మాట మార్చి పాడతారు, ఇలాంటివి పిన్నిగారి చేత చెప్పించి చిన్న అక్షరాల్లో పెట్టాం. నిజానికి పుస్తకానికి ఆ చిన్న అక్షరాలే పెద్ద విలువ తెచ్చాయని నా అభిప్రాయం, ఎందుకంటే పాటలు ఇంకెక్కడైనా దొరుకుతాయేమో గానీ ఆ కబుర్లు ఆవిడ దగ్గర తప్ప దొరకవు.

మరీ పొడుగు పాటలు కొన్ని రెండు పేజీల్లో పట్టలేదు. అక్షరం తగ్గించమని మనవరాలు అంది, నేను ఒప్పుకోలేదు. ప్రతి చరణం తర్వాతా పల్లవి మొత్తం మళ్ళీ రాసి ఉంది, దాన్ని తీసేసి పాత పాటల పుస్తకాల్లో ఉండేట్టు రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట మాత్రం పెడితే దాదాపు అన్నీ పట్టాయి. పాడేవాళ్ళకి పల్లవి ఎలాగూ నోటికొచ్చేసి ఉంటుంది.

అక్షరం 15 పాయింట్లు, లైను నుంచి లైనుకి 23. ఇంగ్లీషు పుస్తకాల లెక్కలో చూసేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ అనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్ దానంతటది ఇచ్చే 1.2 రెట్ల లీడింగు (లైన్ల ఎడం) ఇంగ్లీషుకి సరిపోతుంది, తెలుగుకి సరిపోదు. "రాష్ట్రం" అనే మాట ఒక లైన్లో ఉందనుకోండి, ష కింద ట వత్తు, దానికి తోడు క్రావడి, అదంతా కిందికి దిగుతుంది. సరిగ్గా దాని కింద లైన్లో "శ్రీ" పడితే గుడిదీర్ఘం పైకి లేస్తుంది. రెండూ కలిసి అతుక్కుపోయి ఏది ఏ లైనుదో తెలీదు, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి మరీను. అందుకే తెలుగులో అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఇస్తాను. ఇంకో సంగతి, పాయింట్ సైజు నంబరు చూసి నమ్మకూడదు, ఒకే 15 పెట్టినా ఒక ఫాంటులో అక్షరం బొద్దుగా, ఇంకో ఫాంటులో చిన్నగా వస్తుంది, ప్రింటు తీసి పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిందే. మేం మండలి, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు అనే మూడు ఫాంట్లు తీసి చూశాం. మండలి నాకు చాలా ఇష్టం, కానీ దాంట్లో ఒకే ఒక్క వెయిట్ (అక్షరం మందం) ఉంది, పల్లవిని కాస్త ముదురుగా పెట్టాలంటే సాఫ్ట్‌వేర్ చేత దొంగ బోల్డు చేయించాలి, అది అక్షరం చుట్టూ సిరా పులిమినట్టు చేసి వత్తుల్లో ఉండే సన్నటి సందులు మూసేస్తుంది. నోటోలో సన్నం నుంచి లావు దాకా అన్ని వెయిట్లూ ఉన్నాయి కాబట్టి దాన్ని తీసుకున్నాం, చరణాలు రెగ్యులర్, పల్లవి సెమీబోల్డ్.

లైను వెడల్పు కూడా పాటే నిర్ణయించింది. పాటలో పాదం విరిగి రెండో లైన్లోకి పోతే పాడేవాళ్ళ ఊపిరి తప్పుతుంది. అన్ని పాటల్లోకీ పొడుగాటి పాదాలు ఏరి 15 పాయింట్లలో సెట్ చేసి కొలిస్తే 107 మిల్లీమీటర్లలో పట్టేశాయి, ఒకటి రెండు మొండివి తప్ప. డెమ్మీ వెడల్పు 140. మిగిలిన 33లో వెన్ను వైపు 18, బయటివైపు 15. పర్ఫెక్ట్ బైండింగ్ ఐతే వెన్నువైపు 22 అన్నా కావాలి, అప్పుడు ఈ పాదాలు పట్టవు, సైజు పెంచి క్రౌన్ 1/4కి పోవాలి, ఖర్చు పెరుగుతుంది, ఒళ్ళో పట్టదు. కుట్టు ముందే ఖాయం చేసుకోబట్టి ఆ నాలుగు మిల్లీమీటర్లు దొరికాయి. బైండింగ్ ముందు తేల్చుకోమని నేను పోరేది ఇందుకే.

లతల బోర్డరు గురించి ఒక మాట. ట్రిమ్మింగులో మిల్లీమీటరు అటూ ఇటూ అవడం మామూలే, పేజీ చుట్టూ గీత ఉంటే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, గీత లేకపోతే ఎవరికీ తెలీదు. దాని బదులు పేజీ బయటి అంచున నల్లటి పట్టీలు పెట్టాం, నలుగు పాటలకి పైన, హారతులకి దాని కింద, అలా అప్పగింతలు వచ్చేసరికి అడుగున. కోసినప్పుడు తెల్లగా మిగలకుండా వాటిని అంచు దాటి 3 మిల్లీమీటర్లు పొడిగించాం, దీన్నే బ్లీడ్ అంటారు. పుస్తకం మూసి పట్టుకున్నా అంచు మీద ఏ విభాగం ఎక్కడుందో కనపడుతుంది, బొటనవేలు పెట్టి తీస్తే చాలు.

పేజీల లెక్క వేస్తే 188 వచ్చింది. ఫారం 16 పేజీలు కాబట్టి 12 ఫారాలు, 192. మిగిలిన నాలుగు పేజీల్లో గీతలు పెట్టి "మీ ఇంటి పాట ఇక్కడ రాసుకోండి" అని వదిలాం. నోటుబుక్కులోని చేతిరాత పేజీలు కూడా కొన్ని వేశాం, వాటిని ఫొటోల్లాగా కాకుండా 1200 డీపీఐ నలుపు తెలుపు లైన్ ఆర్ట్‌గా స్కాన్ చేశాం, గ్రేస్కేల్‌లో వదిలితే చుక్కలు చుక్కలుగా పడి పెన్ను గీత మసకేస్తుంది.

కాగితం మ్యాప్‌లిథో, అంటే మెరుపు పూత లేని మామూలు పుస్తకాల కాగితం, 70నా 80నా అన్నదే మాట. వచనం పుస్తకమైతే నేను 70 జీఎస్ఎమ్ చాలంటాను. వచనంలో పేజీ నిండా లైన్లుంటాయి, వెనక పేజీ లైన్లు ముందు పేజీ లైన్ల వెనకే దాక్కుంటాయి, బేస్‌లైన్ గ్రిడ్ ఒకటే ఉంటే, అంటే అన్ని పేజీల్లో లైన్లు ఒకే ఎత్తున పడితే చాలు. పాటల్లో అలా కాదు. పాదాలు ఎడమవైపు మొదలై మధ్యలో ఎక్కడో ఆగిపోతాయి, కుడివైపు తెల్లగా ఉంటుంది, వెనక పేజీలో పాదాల మొదళ్ళు సరిగ్గా ఆ తెల్లటి చోటునే నీడలా కనపడతాయి. 70లో ఒక పాట రెండు వైపులా ప్రింటు తీసి లైటు కింద చూస్తే ఆ నీడ చిరాకు పుట్టించేంత ఉంది, 80లో చాలావరకు తగ్గింది. పాలరాయిలా తెల్లగా ఉండే సూపర్ వైట్ కాకుండా కాస్త పసుపు ఛాయ ఉండే నేచురల్ షేడ్ తీసుకున్నాం, కంటికి హాయి. ఒకే షేడ్ అన్నా లాటు లాటుకీ రంగు కొద్దిగా మారుతుంది, అందుకని మొత్తం కాగితం ఒకేసారి కొనాలి, లేకపోతే పుస్తకం అంచున చారలు కనపడతాయి.

ఇక్కడే గ్రెయిన్ సంగతి చెప్పాలి, సొంతంగా వేయించుకునేవాళ్ళకి దీని గురించి చెప్పేవాళ్ళే ఉండరు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నార ఎక్కువగా ఒకే దిక్కున పడుతుంది. పుస్తకంలో ఆ దిక్కు వెన్నుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీ మెత్తగా ఒరగదు, బిర్రుగా లేస్తుంది, వానాకాలం కోస్తా గాలికి తేమ పీల్చుకుని వెన్ను దగ్గర అలలు అలలుగా తేలుతుంది. ఒళ్ళో పరవాలనుకున్న పుస్తకానికి ఇది తప్పితే కుట్టి కూడా లాభం లేదు. డెమ్మీ 1/8కి 23 ఇంటూ 36 షీటుని సగం చేస్తే 18 ఇంటూ 23, దాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీలు, వెన్ను ఆ 18 అంగుళాల వైపు వస్తుంది. అంటే పెద్ద షీటులో గ్రెయిన్ 36 వైపు పోవాలి, లాంగ్ గ్రెయిన్ అని అడగాలి. అలాగే అడిగాం, వచ్చిన రీములు షార్ట్ గ్రెయిన్. ఎలా తెలిసిందంటే, షీటు మూలన నాలుగంగుళాల చదరపు ముక్క కత్తిరించి, 36 వైపు ఏదో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఒక పక్క నీళ్ళు రాస్తే ముక్క వెంటనే గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం ఎటు నిలువుగా ఉంటే గ్రెయిన్ అటు. మా గొట్టం 23 వైపు నిలువుగా వచ్చింది. చేత్తో చించి కూడా చూశాం, గ్రెయిన్ వెంట చించితే చిరుగు తిన్నగా పోతుంది, అడ్డంగా చించితే వంకర్లు పోతుంది. రీము కట్టు విప్పాక వెనక్కి తీసుకోం అన్నారు షాపువాళ్ళు, మిగతావి విప్పలేదు కాబట్టి కాస్త మాటామాటా అయ్యాక మార్చి ఇచ్చారు. కాగితం ప్రెస్సుకి దిగగానే ఒక్క రీము మాత్రమే విప్పి చూడమని అందరికీ చెప్తాను.

డిజిటల్‌లో వేస్తే 300 కాపీలకి సరిపోతుంది కదా అని అడిగారు కొందరు. ఆ షీటు 13 ఇంటూ 19, దాంట్లో మడిచి కుట్టే ఫారం ఎనిమిది పేజీలే వస్తుంది, 24 ఫారాలు కుట్టాలి, పైగా చాలా డిజిటల్ ప్రెస్సులు పర్ఫెక్ట్ బైండింగ్ తప్ప ఒప్పుకోవు. అందుకని ఆఫ్‌సెట్టుకే, అంటే ప్లేట్లు చేసి అచ్చేసే పద్ధతికే వెళ్ళాం. ప్లేట్లు ఎలాగూ చేయించాలి కాబట్టి 500 సెట్లు ప్రింటు వేయించి, 300 మాత్రం బైండ్ చేయించి, 200 ఫారాలుగానే దాచాం. కాపీకి ఆరు షీట్లు, 500కి 3000 షీట్లు, అంటే ఆరు రీములు, రీము 21 కిలోల పైచిలుకు, మొత్తం 128 కిలోలు, వేస్టేజీకి మరో అర రీము. తర్వాతెప్పుడైనా అమ్మకానికి పెట్టొచ్చని ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) కూడా ముందే తీసుకున్నాం, మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, కాకపోతే అది ఇంప్రింట్ పేజీలో, అంటే ప్రచురణ వివరాల పేజీలో పడాలి కాబట్టి ప్లేట్లకి ముందే చేతిలో ఉండాలి.

ప్రింటింగుకి ముందు తెల్లకాగితాలతో డమ్మీ కుట్టించాను, అదే కాగితం, అదే దారం, అదే కవర్ బోర్డు. దాన్ని పిన్నిగారికిచ్చి కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకోమన్నాను. చేతిలో పళ్ళెం కూడా పెట్టాం. మధ్య పేజీలు చక్కగా పడుకున్నాయి. మొదటి ఫారం దగ్గర తెరిస్తే ఎడమవైపు ఆకులు లేస్తున్నాయి, కవర్ అంటించేటప్పుడు వెన్ను పక్కన ఐదారు మిల్లీమీటర్లు మొదటి ఆకుకీ చివరి ఆకుకీ గమ్ము పడుతుంది, అక్కడ కుట్టు ఏం చెయ్యలేదు. దాంతో వరస మార్చాం. ముందుమాట, పెళ్ళి తంతుల వరస, విషయసూచిక అన్నీ మొదటి ఫారంలో సర్దాం, పాటల మొదటి మాటల అకారాది సూచికా రాసుకునే పేజీలూ చివరి ఫారంలోకి పోయాయి. పాటలన్నీ మధ్య పది ఫారాల్లోనే ఉన్నాయి. వెన్ను మందం కూడా డమ్మీ మీదే కొలిచాం, లెక్క ప్రకారం 10 మిల్లీమీటర్లు, దారం లావుతో కలిపి 11 వచ్చింది, కవర్ ఫైలులో ఆ 11 వేశాం.

కవర్ 300 జీఎస్ఎమ్ ఆర్ట్ బోర్డు. ఇప్పుడందరూ మ్యాట్ ల్యామినేషన్ అడుగుతున్నారు, చూడ్డానికి బావుంటుంది నిజమే, కానీ జిడ్డు వేళ్ళ మరకలు దానిమీద ఉండిపోతాయి, ఇది హారతి పళ్ళెం పక్కన ఉండే పుస్తకం, మెరిసే గ్లాసీ ల్యామినేషన్ ఐతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఒకవైపే ల్యామినేషన్ ఉన్న బోర్డు తేమకి లోపలివైపు సాగి బయటికి వంకర తిరుగుతుంది, దానికి మందుగా మూడంగుళాల ఫ్లాపులు ఇచ్చాం, మడత ఉంటే కవర్ అంత తేలిగ్గా లేవదు. ఫ్లాపులున్నప్పుడు బైండరుకి ముందే చెప్పాలి, పుస్తకం బయటి అంచు ముందు కోసి ఆ తర్వాత కవర్ వెయ్యాలి, మూడువైపులా ఒకేసారి కోస్తే ఫ్లాపులు తెగిపోతాయి.

మాఘమాసం పెళ్ళిళ్ళకి పుస్తకాలు అందాయి. ఒక పెళ్ళిలో నలుగు దగ్గర నేనూ కూర్చుని చూశాను, ముగ్గురు ఆడవాళ్ళు ఒకే పుస్తకంలోంచి పాడారు, కొత్త పుస్తకం కాబట్టి మొదట తెరిచినప్పుడు అరచేత్తో ఒకసారి వెన్ను నిమరాల్సి వచ్చింది, ఆ తర్వాత తెరిచినట్టే ఆగింది. అంచు పట్టీలు చిన్నవాళ్ళు వెంటనే పట్టేశారు, పెద్దవాళ్ళు విషయసూచికే చూశారు. లోపలి పేజీల మీద పసుపు వేళ్ళు పడ్డాయి, మ్యాప్‌లిథో పీల్చేసుకుంది, దానికి పిన్నిగారికేం బాధ లేదు. డాలస్ వెళ్ళిన కాపీల్లో కూడా ఏదీ వెన్ను చీలలేదని కూతురు చెప్పింది.

దాచిన 200 సెట్ల ఫారాలు నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, వానాకాలం తేమ తగలకుండా పాలిథిన్ చుట్టి, పైన పలక బరువు పెట్టి ఉంచాం. వాటిల్లో ఓ 30 సెట్లు లైబ్రరీలకివ్వాలని పిన్నిగారి కోరిక. అవి ఎవరి ఒళ్ళోనూ పెట్టుకునేవి కావు, బీరువాలో నిలబడి చాలా చేతులు మారాల్సినవి కాబట్టి వాటికి మాత్రం క్యాలికో గుడ్డ వెన్నుతో హార్డ్‌బౌండు చేయిస్తున్నాం, కుట్టు ఎలాగూ అదే, ఫారాలు అవే, అట్ట ఒక్కటే మారుతుంది. మిగతా 170 మెత్తటి కవర్‌తోనే.